మైనస్ పవర్ వస్తే కళ్ళజోడు తప్పదా? ఎవరికి ఏది నయం

కంటి పరీక్షలో మైనస్ అర అనో, మైనస్ ఒకటి అనో తేలిన రోజు నుంచి సలహాలకు కొదవ ఉండదు. ఒకసారి కళ్ళజోడు పెడితే ఇక జన్మలో వదలదని ఒకరంటారు. పెట్టకపోతే సైటు పెరిగిపోతుందని ఇంకొకరు భయపెడతారు. ఫోన్ మానేస్తే దానంతటదే పోతుందని మరొకరి భరోసా. ఏది నమ్మాలో తెలియక కొందరు కళ్ళజోడు కొని డబ్బాలో పడేస్తారు, కొందరు అవసరం లేని చోట కూడా తీయకుండా తిరుగుతారు.

అందరికీ సరిపోయే ఒకే జవాబు దీనికి లేదు. ముప్ఫై ఏళ్ళ మనిషికి మైనస్ ముప్పావు ఉంటే, కళ్ళజోడు పెట్టుకోవడం, మానడం చాలావరకు ఆయన ఇష్టం. ఎనిమిదేళ్ళ పాపకు అదే మైనస్ ముప్పావు వస్తే లెక్క వేరు. పెద్దాయన కన్ను పెరగడం దాదాపు ఆగిపోయింది, పాప కన్ను ఇంకా పెరుగుతోంది. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే మిగతా ఎంపికల్లో గందరగోళం సగం పోతుంది.

మీ పవర్‌ను టేపుతో కొలిచి చూడండి

దగ్గరివి బాగా కనబడి దూరంవి మసకగా ఉండటానికి ఎక్కువమందిలో కారణం కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి పొడవు పెరగడం. పెద్దవాళ్ళ కన్ను పొడవు మామూలుగా 24 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అది ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, రెండున్నర పాయింట్లకు పైగా మైనస్ వచ్చేస్తుంది. దూరంగా ఉన్న వస్తువు బొమ్మ కంటి లోపల వెనక పొర అయిన రెటీనా మీద పడాల్సింది, దాని కంటే ముందే పడుతుంది. మైనస్ అద్దం ఆ బొమ్మను వెనక్కి జరిపి రెటీనా మీద కూర్చోబెడుతుంది. అంతే, కన్ను పొడవును అది మార్చదు.

చీటీ మీద రాసిన ఆ అంకెలో ఒక దూరం ఉంటుంది. 100 సెంటీమీటర్లను పవర్‌తో భాగించండి. కళ్ళజోడు లేకుండా మీకు స్పష్టంగా కనిపించే చివరి దూరం వస్తుంది. మైనస్ 1 అయితే ఒక మీటరు, మైనస్ 2 అయితే అర మీటరు, మైనస్ 4 అయితే 25 సెంటీమీటర్లు. అనుమానం ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్ళజోడు తీసేసి, ఒక కన్ను అరచేత్తో మూసి, చిన్న అక్షరాల కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకోండి. మెల్లగా దూరం జరుపుతూ వెళ్తే ఒక చోట అక్షరాల అంచులు కరగడం మొదలవుతుంది. కళ్ళు చికిలించకుండా చూడాలి సుమా, చికిలిస్తే లెక్క తప్పుతుంది. ఆ చోటికీ కంటికీ మధ్య దూరం టేపుతో కొలవండి. రెండో కంటికీ అలాగే చేయండి. సిలిండ్రికల్ పవర్ (చీటీలో CYL అని రాసేది) ఉన్నవాళ్ళకు ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, అంచనాకు పనికొస్తుంది.

ఇప్పుడు మీ రోజును ఆ దూరంతో పోల్చుకోండి. కంప్యూటర్ తెర అరవై సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, పుస్తకం నలభైలో. మైనస్ 1 ఉన్న మనిషికి ఈ రెండూ కళ్ళజోడు లేకుండానే శుభ్రంగా కనబడతాయి. మైనస్ 5 ఉన్న మనిషి కళ్ళజోడు తీస్తే పుస్తకం 20 సెంటీమీటర్లకు తెచ్చుకోవాలి. మెడ వంచి, కళ్ళు రెండూ లోపలికి తిప్పి చదవాలి, అది కష్టం.

పెద్దవాళ్ళు: పెట్టుకోవాలా, అప్పుడప్పుడా, అసలు వద్దా

మైనస్ ముప్పావు లోపు ఉండి, పని అంతా గదిలో, తెర ముందు జరిగేవాళ్ళు కళ్ళజోడు లేకుండా ఉండొచ్చు. కన్నుకు నష్టం ఏమీ లేదు. దూరంగా ఉన్న బోర్డు, పెద్ద హాల్లో వేదిక, రాత్రి రోడ్డు, ఇవి మాత్రం కాస్త మసకగా ఉంటాయి. ఆ మసక మీకు ఇబ్బంది కాకపోతే డాక్టరుకూ ఇబ్బంది కాదు.

బండి నడపడం మాత్రం ఇందులోంచి మినహాయింపు. చీకట్లో కనుపాప పెద్దదవుతుంది, దాంతో చిన్న మైనస్ కూడా పగటి కంటే ఎక్కువ మసక తెస్తుంది. ఎదురుగా వచ్చే లైట్లు చెదిరినట్టు కనబడతాయి. నడిచి వెళ్ళేవాళ్ళు ఆలస్యంగా కంటపడతారు. పవర్ అర అయినా సరే, రాత్రి బండి నడిపేటప్పుడు కళ్ళజోడు కంటికి పెట్టుకునే ఉండాలి. ఇక్కడ మీ ఇష్టం అన్న మాటకు తావు లేదు, రోడ్డు మీద ఇంకొకరు కూడా ఉంటారు.

మైనస్ 1 నుంచి 3 మధ్య ఉన్నవాళ్ళకు నాకు నచ్చిన పద్ధతి, దూరానికి పెట్టుకుని దగ్గరి పనికి తీసేయడం. దీనివల్ల సైటు పెరగదు. ముఖ్యంగా నలభై దాటాక, చత్వారం మొదలయ్యాక, ఈ పవర్ ఉన్నవాళ్ళు కళ్ళజోడు తీసి హాయిగా చదువుకోవచ్చు. అదే వయసులో సైటు లేనివాళ్ళు చదవడానికి అద్దాలు వెతుక్కుంటుంటారు. ఆ వెసులుబాటును చాలామంది గుర్తించరు, దూరానికీ దగ్గరికీ కలిపి ఉండే బైఫోకల్ కొనేసి మెట్లు దిగేటప్పుడు అవస్థ పడతారు. మైనస్ 3 దాటితే మాత్రం తీయడం, పెట్టడం పెద్ద పని. రోజంతా పెట్టుకోవడమే సుఖం.

కళ్ళజోడు పెట్టుకుంటే కన్ను బద్ధకిస్తుందన్న భయం గురించి ఒక మాట. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. కొత్త అద్దాలు పెట్టుకుని పది రోజులు స్పష్టంగా చూశాక తీసేస్తే, ఇదివరకు పట్టించుకోని మసక ఇప్పుడు భరించలేనిదిగా అనిపిస్తుంది. కన్ను మారలేదు, స్పష్టత అంటే ఏమిటో మెదడుకు తెలిసింది. పైగా సైటు సాధారణంగా బడి వయసులో మొదలై ఎదిగే కొద్దీ పెరుగుతుంది. అదే వయసులో కళ్ళజోడు వస్తుంది కాబట్టి, పెరుగుదల నింద దాని మీద పడుతుంది.

పెద్ద వయసులో ఉన్నట్టుండి మైనస్ వస్తే, లేదా కొద్ది వారాల్లో పవర్ మారిపోతే, షాపుకు వెళ్ళి కొత్త అద్దాలు వేయించుకోకండి. రక్తంలో షుగర్ బాగా పెరిగినప్పుడు కంటిలోని లెన్స్ ఉబ్బి తాత్కాలికంగా మైనస్ రావచ్చు. షుగర్ అదుపులోకి వచ్చాక పవర్ మళ్ళీ మారుతుంది, ఆలోగా కొన్న అద్దాలు వృథా. అరవై దాటినవాళ్ళు హఠాత్తుగా కళ్ళజోడు లేకుండా పేపరు చదవగలుగుతుంటే సంబరపడతారు గానీ, అది తరచుగా శుక్లం ముదురుతున్న సూచన.

తెర వల్ల వచ్చే బాధ వేరు, సైటు వేరు

సాయంత్రానికి కళ్ళు మంటలు, బరువు, నీళ్ళు కారడం, ఎర్రబడటం. ఇవన్నీ తెర ముందు ఎక్కువసేపు కూర్చున్నవాళ్ళ ఫిర్యాదులు. చాలామంది ఇదంతా సైటే అనుకుని అద్దాల కోసం వస్తారు. మామూలుగా మనం నిమిషానికి పదిహేనుసార్ల దాకా రెప్పలు ఆర్పుతాం. తెర వైపు చూస్తున్నప్పుడు అది సగానికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. ఆర్పినా సగం రెప్పే పడుతుంది. కంటి మీది తడిపొర ఆరిపోయి మంట పుడుతుంది. దీనికి మైనస్ అద్దం మందు కాదు. రెప్పలు గుర్తుంచుకుని పూర్తిగా ఆర్పడం, ఏసీ గాలి ముఖానికి తగలకుండా చూసుకోవడం, తెరను కంటి కంటే కొద్దిగా కిందికి దించడం, అవసరమైతే డాక్టరును అడిగి కన్నీటి చుక్కలు వేసుకోవడం పనిచేస్తాయి. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని, ఇరవై సెకన్లు చూడమన్న సూత్రం కూడా అలసటకు మంచిదే.

ఇక నీలికాంతిని ఆపే అద్దాలు. వీటి మీద అదనంగా డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2023లో 17 ట్రయల్స్‌ను కలిపి చూసింది. మామూలు అద్దాలతో పోలిస్తే కంటి అలసట తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పగటి వెలుతురులో మన కంటికి చేరే నీలికాంతి ముందు తెర నుంచి వచ్చేది చాలా తక్కువ. ఆ డబ్బుతో మంచి డెస్కు లైటు కొనుక్కోవచ్చు.

మరి తెర వల్ల సైటు రాదా? పెద్దవాళ్ళలో ఆ భయం తక్కువ. పిల్లల్లో అలా కొట్టిపారేయలేం. గంటల తరబడి దగ్గరగా చూసే పనికీ, సైటుకూ సంబంధం చాలా అధ్యయనాల్లో కనబడింది. అది ఫోనే కానక్కరలేదు, పుస్తకం కూడా అంతే. ఫోన్‌తో చిక్కేమిటంటే, దాన్ని పుస్తకం కంటే దగ్గరగా, ఇరవై ముప్ఫై సెంటీమీటర్లలో పట్టుకుంటారు, పైగా వదలరు. అదే వీడియో గోడకున్న టీవీలో మూడు మీటర్ల నుంచి చూస్తే కంటి మీద దగ్గరి చూపు భారం దాదాపు ఉండదు. పాఠం తప్పనిసరిగా తెర మీదే వినాలంటే ఫోన్ కంటే ట్యాబ్, ట్యాబ్ కంటే ల్యాప్‌టాప్, అన్నిటికంటే టీవీ మేలు.

అన్నిటినీ మించి పనిచేసేది ఆరుబయట వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలతో ఒక పెద్ద ట్రయల్ చేశారు. ఆరు బళ్ళలో రోజూ 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టారు, మరో ఆరు బళ్ళను మామూలుగా వదిలేశారు. మూడేళ్ళ తర్వాత మామూలు బళ్ళలో 39.5 శాతం మందికి సైటు వస్తే, బయట తిరిగిన పిల్లల్లో 30.4 శాతానికే వచ్చింది. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకు రెండు గంటలు బయట గడిపేలా చూసే కార్యక్రమం మొదలుపెట్టాక, ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన చూపు సమస్య తగ్గుముఖం పట్టింది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. గదిలో అది 300 నుంచి 500 లక్స్ ఉంటే, ఎండలో పది వేలు సులువుగా దాటుతుంది. ఆ వెలుతురుకు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై కన్ను పొడవు పెరగడాన్ని నెమ్మదింపజేస్తుందన్నది ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకునే వివరణ. చెట్టు నీడలో ఆడుకున్నా ఫలితం ఉంటుంది, మండుటెండలో నిలబెట్టనక్కరలేదు. అయితే సైటు రాకముందు దీనికున్న బలం, వచ్చాక అంత కనబడదు. కాబట్టి సైటు వచ్చేసిన పిల్లలకు ఆట ఒక్కటే సరిపోతుందని ఊరుకోకూడదు.

పిల్లల విషయంలో పోలిక

మొట్టమొదట ఒక పరీక్ష. దగ్గరివి చూడటానికి బిగుసుకునే కంటి కండరం పిల్లల్లో చాలా బలంగా పనిచేస్తుంది. గంటల తరబడి దగ్గరగా చూశాక అది సడలక, లేని మైనస్‌ను చూపించవచ్చు, ఉన్నదాన్ని ఎక్కువ చేసి చూపించవచ్చు. అందుకే పిల్లలకు ఆ కండరాన్ని సడలించే చుక్కలు వేసి, కాసేపు కూర్చోబెట్టి, అప్పుడు పవర్ చూడాలి. చుక్కలు వేయకుండా మిషన్ ఇచ్చిన అంకెతోనే మొదటి కళ్ళజోడు రాసిస్తుంటే, చుక్కలు వేసి చూడమని అడగండి. అడగడం తప్పేమీ కాదు. ఆ పరీక్షలో మైనస్ మాయమైతే, కావాల్సింది దగ్గరి పని తగ్గించడం, కళ్ళజోడు కాదు.

నిజంగానే మైనస్ ఉందనుకుందాం. అర పాయింటు లోపు అయితే, బోర్డు కనబడుతుంటే, కొన్ని నెలలు ఆగి మళ్ళీ పరీక్షించడం సబబే. ముప్పావు, ఒకటి దాటి, పాప బోర్డు చూడటానికి కళ్ళు చికిలిస్తుంటే, పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుంటుంటే, కళ్ళజోడు ఇవ్వాలి. రెండు కళ్ళ పవర్‌లో తేడా ఎక్కువ ఉంటే అసలు ఆగకూడదు. మంచి కన్ను పని చేసుకుపోతుంది కాబట్టి పిల్లలు ఏమీ చెప్పరు, బలహీనమైన కంటి చూపును మెదడు పక్కన పెట్టేస్తుంది. ఏడెనిమిదేళ్ళు దాటాక దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టమవుతూ వస్తుంది. ఆటలో భాగంగా ఒక్కో కన్నూ మూయించి గోడ గడియారం చదివించండి. ఒక కంటితో చదివి, రెండో కన్ను దగ్గరికొచ్చేసరికి చేతిని పక్కకు నెట్టేస్తుంటే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

కావాలని పవర్ తగ్గించి అద్దాలు ఇస్తే సైటు పెరగదని ఒక పాత నమ్మకం ఉంది. 2002లో మలేషియాలో పిల్లల మీద దీన్ని పరీక్షించారు. తక్కువ పవర్ అద్దాలు పెట్టుకున్న పిల్లల సైటు, పూర్తి పవర్ పెట్టుకున్నవాళ్ళ కంటే ఎక్కువే పెరిగింది. తర్వాతి అధ్యయనాల్లోనూ అలా తగ్గించి ఇవ్వడం వల్ల నమ్మదగిన లాభం తేలలేదు. మసక చూపుతో పిల్లల్ని బడికి పంపి సాధించేది ఏమీ లేదు.

మామూలు మైనస్ అద్దాలు చూపునిస్తాయి, పెరుగుదలను ఆపవు. పెరుగుదలను తగ్గించడానికి ఇప్పుడున్న ముఖ్యమైన దారులు నాలుగు. నా ఉద్దేశంలో ఎక్కువమంది తల్లిదండ్రులు మొదట ఆలోచించాల్సింది ప్రత్యేక కళ్ళజోడే. అద్దం మధ్యలో మామూలు పవర్, చుట్టూ కంటికి దాదాపు కనబడని వందలాది చిన్న లెన్సులు ఉంటాయి. అవి అంచుల్లో పడే బొమ్మను రెటీనా ముందుకు తెచ్చి, పొడవు పెరగొద్దన్న సంకేతం ఇస్తాయి. హాంకాంగ్‌లో 8 నుంచి 13 ఏళ్ళ పిల్లల మీద రెండేళ్ళు పరీక్షించినప్పుడు ఈ రకం అద్దాలతో సైటు పెరుగుదల 52 శాతం, కన్ను పొడవు పెరగడం 62 శాతం తగ్గాయి. కంటికి ఏదీ తగిలించనక్కరలేదు, ఇన్ఫెక్షన్ భయం లేదు. చిక్కల్లా, రోజుకు పన్నెండు గంటలైనా పెట్టుకోవాలి. బడిలో తీసి బ్యాగులో పెట్టేసే పిల్లలకు పెట్టిన ఖర్చు దండగ.

అట్రోపిన్ చుక్కలు రెండో దారి. రాత్రి పడుకునే ముందు ఒక్కో చుక్క. ఇందులో బలమే ప్రధానం. హాంకాంగ్‌లోనే 4 నుంచి 12 ఏళ్ళ పిల్లల మీద చేసిన ట్రయల్ 2019లో వెలువడింది. మొదటి ఏడాదిలో 0.05 శాతం మందు సైటు పెరుగుదలను 67 శాతం తగ్గిస్తే, 0.01 శాతం మందు 27 శాతమే తగ్గించింది. 2023లో అమెరికాలో చేసిన మరో ట్రయల్‌లో 0.01 శాతం మందుకూ, మందు లేని ఉత్త చుక్కలకూ తేడానే లేదు. అందుకని డాక్టరు అట్రోపిన్ అన్నప్పుడు ఎంత శాతమో అడగాలి. కళ్ళజోడు పెట్టుకోవడం మరీ మొరాయించే చిన్నపిల్లలకూ, అద్దాలతో కూడా సైటు వేగంగా పెరుగుతున్నవాళ్ళకూ ఇది ఉపయోగం. చుక్కలతో పాటు దూరానికి కళ్ళజోడు మాత్రం ఉండాల్సిందే. కొందరికి ఎండ భరించడం, దగ్గరివి చదవడం కాస్త ఇబ్బంది అవుతుంది. ఒక్కసారిగా ఆపేస్తే సైటు మళ్ళీ వేగం అందుకోవచ్చు, ఆపడం కూడా డాక్టరు చెప్పినట్టే జరగాలి.

మిగిలిన రెండూ కాంటాక్ట్ లెన్సులు. పగలు పెట్టి రాత్రి పారేసే రకానికి 8 నుంచి 12 ఏళ్ళ పిల్లల కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో అనుమతి ఇచ్చింది, మూడేళ్ళలో సైటు పెరుగుదల 59 శాతం తగ్గింది. రాత్రి పెట్టుకుని నిద్రపోయి పొద్దున తీసేసే గట్టి లెన్సులు, ఆర్థో-కె అంటారు, కంటి ముందుండే పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, తాత్కాలికంగా చదును చేస్తాయి. పగలంతా అద్దాలు లేకుండా తిరగొచ్చు. ఈత, ఆటల్లో మునిగి ఉండే పిల్లలకు ఆకర్షణీయమే. కానీ లెన్సుతో నిద్రపోవడమంటే కార్నియా ఇన్ఫెక్షన్ ముప్పు ఉన్నట్టే, అరుదే అయినా చూపును శాశ్వతంగా దెబ్బతీయగలదు. లెన్సుకు కుళాయి నీళ్ళు తగలకుండా, చేతులు శుభ్రంగా కడుక్కుని, రోజూ ద్రావణం మార్చే ఓపిక ఇంట్లో ఎవరికో ఒకరికి ఉంటేనే ఈ దారి పట్టండి.

ఏది ఎంచుకున్నా ఆరునెలలకోసారి పవర్‌తో పాటు కన్ను పొడవును కూడా కొలిపించండి. అద్దాల అంకె కంటే ఆ పొడవే అసలు సంగతి చెబుతుంది.

కంటి వ్యాయామాలు, లేజర్

కళ్ళు గుండ్రంగా తిప్పడం, అరచేతులతో మూసుకోవడం, చిన్న చిల్లులున్న నల్ల అద్దాలు పెట్టుకోవడం సైటును తగ్గిస్తాయన్న ప్రచారం నూరేళ్ళుగా ఉంది. పొడవు పెరిగిన కనుగుడ్డు వ్యాయామంతో పొట్టి కాదు. చిల్లుల్లోంచి స్పష్టంగా కనబడేది వెలుతురు సన్నగా లోపలికి వెళ్ళడం వల్ల, చికిలించినప్పుడు జరిగేదీ అదే. తీయగానే మసక మసకే. అలసట తగ్గితే సంతోషం, సైటు తగ్గుతుందని పిల్లల కళ్ళజోడు దాచేయడం మాత్రం వద్దు.

లేజర్ ఆపరేషన్ పద్దెనిమిదేళ్ళు నిండి, కనీసం ఏడాదిగా పవర్ కదలకుండా ఉన్నవాళ్ళకు. కార్నియా పలచగా ఉన్నా, శంఖువులా ముందుకు పొడుచుకొస్తున్నా చేయకూడదు. కళ్ళు ముందే పొడిగా ఉండే మనిషికి, రోజంతా తెర ముందు పనైతే, ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు ఆ పొడిదనం ఇంకా ఇబ్బంది పెట్టవచ్చు. మైనస్ ఒకటి, ఒకటిన్నర ఉండి, నలభైకి దగ్గరపడినవాళ్ళు తొందరపడకపోవడం మంచిదని నా అభిప్రాయం. దూరం కోసం కళ్ళజోడు వదిలించుకుంటే, కొద్ది ఏళ్ళకే చదవడానికి మరొకటి కొనాలి.

లేజర్ కార్నియా వంపును మారుస్తుంది, లోపల సాగిన కన్ను అలాగే ఉంటుంది. మైనస్ 6, అంతకు మించి ఉన్న కళ్ళలో రెటీనా పలచబడి ఊడే ముప్పు, నీటికాసుల ముప్పు ఎక్కువ. అద్దాలు వదిలేశాం కదా అని పరీక్షలు వదిలేయకూడదు. ఏడాదికోసారి కనుపాపలు పెద్దవి చేసి రెటీనా చూపించుకోవాలి. కంటి ముందు ఉన్నట్టుండి మెరుపులు మెరిసినా, నల్ల చుక్కలు గుంపుగా తేలినా, ఒక పక్క నుంచి పరదా దిగుతున్నట్టు అనిపించినా, నొప్పి లేదు కదా అని ఆగకండి. అదే రోజు రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.